ఖలాస్ అయిన బ్యాండు

అరబ్బుల ఊరు సల్వాలో నేను కారు తోలే ఇంటి అమ్మాయి ఒకరోజు స్కూలు నుంచి వస్తూ వెనక సీట్లో వెక్కివెక్కి ఏడ్చింది. ఏమైందని అడిగితే, తనకిష్టమైన లండన్ పాటల బ్యాండు “ఖలాస్” అంది. మా కడపలో ఖలాస్ అంటే మనిషి పోయినట్టే.

“పాపం, పాప ఇనే బ్యాండోళ్లు నలుగురూ ఒగేసారి పోయినారంటక్కా,” అన్నాను, ఆ ఇంట్లోనే పనిచేసే మా జిల్లా వంటావిడతో.

“అయ్యో, బస్సు గాని బోల్తా పడిందేమో!” అని ఆమె కళ్లొత్తుకుంది.

వారం పాటు కారులో రేడియో పెట్టకుండా సంతాపం పాటించాక తెలిసింది, ఆ మహానుభావులు నిక్షేపంగా ఉన్నారని. ఒకరితో ఒకరికి మాటల్లేక విడిపోయారు, అంతే.

ఏడాది తిరక్కుండానే వాళ్లు మళ్లీ కలిశారు. ఇంట్లో పండగే. అదే ఊపులో నేను మామా దగ్గరికి, అంటే మా యజమానురాలి దగ్గరికి వెళ్లాను. రెండేళ్లుగా ఊరి మొహం చూడలేదు, నెల రోజులు సెలవివ్వమని మళ్లీ అడిగాను.

“సెలవు ఖలాస్ అని చెప్పానా లేదా?” అంది.

ఖలాస్ అయిన బ్యాండు లేచి రాలేదా అనబోయి, కారు తుడవడానికి బయటికి నడిచాను.

పై వారమే ఆ పాటలు వినడానికి తల్లీకూతుళ్లు లండన్ బయల్దేరారు. స్కూలుకు సెలవు ఇట్టే దొరికింది. వాళ్ల పెట్టెలు మోసుకుంటూ, రెండేళ్ల తర్వాత నేనూ ఎయిర్‌పోర్టు మొహం చూశాను.