తోలింటి దాయాదులు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నా. మా బేతంచెర్లలో పిల్లలకు ఫిడేలు నేర్పే సంగీతం అయ్యవారు పోయినారని మొన్న రైల్వే స్టేషన్ కాడ టీ తాగుతాంటే తెలిసింది. గ్లాసు దించేలోపే భజన సమాజం పెద్దలొచ్చి, "నువ్వు రాయాలప్పా, శానా మంచోడని రాయి" అన్నారు. ఆ మాటకే కడుపు మండింది. మంచితనం వాళ్లకే తెలియాల. నేను జరిగింది రాస్తా.

ఆయన లెక్కన వాయిద్యాలకు నాలుగే ఇండ్లు. తీగ అదిరేవి ఒక ఇల్లు, గాలి ఊదేవి ఒకటి, తోలు మోగేవి ఒకటి, కంచుకు కంచు తగిలేవి ఒకటి. "శబ్దం యాడ పుడతాదో అదే పుట్టిల్లు. మోసే భుజాన్ని బట్టి ఇల్లు మారదు" అనేవారు. భజనలో తాళాలు కొడతాను గనక నేను కంచింటోణ్ణి. మా ఇంటామె గొంతు ఏ ఇల్లని ఒకసారి అడిగితే, "అదీ కంచే. అందుకే నీకిచ్చి చేసినారు" అన్నారు. లోపలినుంచి ఆమె వినింది. ఆ పొద్దునుంచి ఆయనకిచ్చే మజ్జిగలో ఉప్పు పడలేదు. ఆయనా అడగలేదు, గటగటా తాగేవారు.

ఎక్కడికో పోయినా. శ్రీరామనవమి పందిట్లో ఎవరిని యాడ కూచోబెట్టాలనేది అయ్యవారి పని. మా ఊర్లో ఉత్సవానికి ముందు నడిచేది తప్పెటే, పందిరి గుంజ దాటకూడనిదీ తప్పెటే. ఆ ఏడు ఆయన పందిట్లో వేదిక మీద ఇండ్లవారీగా జంపఖానాలు పరిపించి, "రాప్పా, కూచో" అని తప్పెట పెద్దాయన్ను మృదంగం పక్కన కూచోబెట్టినారు.

కర్నూలునుంచి వచ్చిన మృదంగమాయన లేచి నిలబడినాడు. "ఏం అయ్యవారూ, నన్ను ఎవురి పక్కన కూచోబెడతాండావు?"

"నీ దాయాది పక్కనేప్పా. నీదీ మేకతోలే, ఆయనదీ మేకతోలే."

"వాణ్ణి దింపుతావా లేదా?" అన్నారు ఈ భజన సమాజం పెద్దలే.

"దింపను. కావాలంటే నేను దిగుతా."

దిగమన్నారు. ఫిడేలు చంకన పెట్టుకుని దిగినారు. తప్పెట పెద్దాయన వెనకాలే దిగినాడు. అంతటితో ఊరోళ్లు పిల్లల్ని ఆయన కాడికి పాఠానికి పంపడం మానేసినారు. అయినా ప్రతి నవమికీ ఆయన తీగలు బిగించి, ఉతికిన పంచ కట్టుకుని, కబురొస్తుందని అరుగు మీద కూచునేవారు. "పిలుస్తారులేప్పా. ఎండకు బిగుసుకున్న తోలు వానకు వదులవుతాది" అనేవారు. మా సీమలో వాన సంగతి ఆయనకు తెలియదనుకోవాల.

నిన్న సంతాప సభ. ఆయన పటాన్ని అదే వేదిక మీద పెట్టినారు. ఆ మృదంగమాయనే వచ్చి వాయించినాడు. పందిరి గుంజ అవతల తప్పెట పెద్దాయన గుప్పెడు జొన్నచొప్ప ముట్టించి, వాయించే ముందు ఎప్పుడూ చేసేటట్టే తోలు బిగిసేదాకా తప్పెటను కాచుకున్నాడు. లోపలికి చూస్తా కూచున్నాడు. ఎవరూ పిలవలేదు. మంట ఆరినాక బూడిదను కాలితో పక్కకు నెట్టి, తప్పెట భుజాన వేసుకుని పోయినాడు.