డోన్యా టెంచా పోగొట్టిన నిమిషాలు

లాస్ ఉయిసాచెస్ ఊళ్ళో డోన్యా టెంచా చేత "లేటు" వేయించుకోని మనిషి లేడు. మంగలి వేయించుకున్నాడు, పోలీసు డిప్యూటీ వేయించుకున్నాడు, చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ వేయించుకుంది. సొంత మనవరాలికి పుట్టినరోజు నాడు, అది కొత్త గౌను తొడుక్కుని మురిసిపోతూ వస్తే, రెండు నిమిషాలకి లేటు వేసి, సాయంత్రం ఇంటికెళ్ళి దానికోసం మూడు అంతస్తుల కేకు చేసింది. కేకు వేరు, హాజరు వేరు అనేది ఆవిడ సిద్ధాంతం.

అసలు పేరు ఓర్తెన్సియా బాల్దెరాస్; డోన్యా అంటే అమ్మగారని. వయసు అరవై మూడు. ఊళ్ళో ఉన్న చార్టర్ బడిలో హాజరు గుమస్తా. డబ్బు సర్కారుదే అయినా బడిని నడిపేది ఊరివాళ్ళ బోర్డు. అందుకని ప్రతిదానికీ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కి లెక్క చెప్పుకోవాలి: ఏ పిల్ల వచ్చింది, ఏ పిల్లవాడు రాలేదు, ఏడాది మొత్తం మీద ఎన్ని నిమిషాలు చదువు చెప్పారు. లెక్క తప్పితే బడి తలుపులకే ముప్పు. ఇరవై ఆరేళ్ళుగా ఆ లెక్కని డోన్యా టెంచా నిప్పులా కాచింది.

ఆవిడ చట్టాలు రెండే. పొద్దున ఎనిమిది గంట కొట్టాక గడప దాటితే లేటు; పది లేట్లకి ఒక శనివారం బడికొచ్చి కూర్చోవాలి. ఇక పది గంటలకి తలలు లెక్కపెట్టే వేళ ఎవరు గదిలో ఉంటే వాళ్ళే ఆ రోజు వచ్చినట్టు. పదీ ఒకటికి, అంటే ఒక్క నిమిషం దాటి వచ్చినవాడు, ఎంత వగరుస్తూ వచ్చినా రానట్టే. రిజిస్టర్లో చివర "కారణం" అని ఒక గడి ఉండేది. అందులో ఆవిడ ఎన్నడూ ఒక్క అక్షరం రాయలేదు. "కారణం వినడం మొదలుపెడితే లోకంలో ఎవరూ లేటు కారు" అనేది.

అలాంటి మనిషి ఒక సెప్టెంబరులో ఒక పాపం చేసింది.

ఆ నెల గూడ్సు రైలు వేళ మారింది. సాయంత్రం సరిగ్గా బడి బస్సు రైలు గేటు దగ్గరికి చేరేసరికి రైలొచ్చి అడ్డంగా నిలబడేది. అరగంట కదిలేది కాదు. బస్సులో ఏసీ పాడు. డ్రైవరు చేవో మూడోరోజు ఆఫీసులోకొచ్చి టోపీ తీసి చెమట పిండుకున్నాడు.

"డోన్యా టెంచా, పిల్లలు ఆకుపొట్లంలో టమాలేల్లా ఉడికిపోతున్నారండీ. పొట్లం విప్పి తినడమే తరువాయి."

"అయితే నన్నేం చెయ్యమంటావు? రైలుకి లేటు వెయ్యనా?"

"నాలుగే నాలుగు నిమిషాలు. చివరి గంట నాలుగు నిమిషాలు ముందు కొడితే నేను రైలుని దాటేస్తాను."

"నోరు ముయ్యి. గంట గంటే."

చేవో నోరు మూసుకుని బయటికి పోయాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. బస్సులో చిన్నపిల్లలు పుస్తకాలతో విసురుకుంటున్నారు. ఒక పిల్ల చెంప అద్దానికి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆవిడ లేచి, గంటలు మోగించే పెట్టె తెరిచి, చివరి గంటని మూడు నలభై నుంచి మూడు ముప్పై ఆరుకి జరిపింది. ఒక్క వారమే అనుకుంది. రైలు మూడువారాలకి మళ్ళీ తన పాత వేళకి పోయింది. గంట మాత్రం పోలేదు. ఆవిడ మరిచేపోయింది. పంతుళ్ళెవరికీ పట్టలేదు. బడి గోడల మీద గడియారాలు గదికొక టైము చెప్పేవి. గంట మోగితే పోవడం తప్ప టైము చూసే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం కూకా కవాసోస్ వచ్చింది. కూకాది బడికి నాలుగిళ్ళ అవతల రొట్టెల కొట్టు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బల్ల మీద చదువుకున్నారు. యాభై ఏళ్ళుగా పొట్లాడుకుంటూనే ఉన్నారు. కూకా మనవరాలు ఇట్సెల్ ఎనిమిదో తరగతి. ఇరవై లేట్లు నిండి ఆ పిల్లకి రెండో శనివారం పడింది.

"ఏమే టెంచా, శనివారం నా కొట్లో పిండి కలిపేది ఎవరు, మీ అమ్మా?"

"మా అమ్మ పోయి పదేళ్ళయింది. నీ మనవరాల్ని ఎనిమిదిలోపు పంపు."

"ఒక్క నిమిషం! ఇరవైసార్లూ ఒక్కొక్క నిమిషమే! ఇంత చేసి నువ్వు మాత్రం సాయంత్రం ఎప్పుడు పడితే అప్పుడు వదిలెయ్యొచ్చు!"

"నోటికొచ్చినట్టు కూయకు కూకా. మా గంట మూడు నలభైకి. ఇరవై ఆరేళ్ళుగా మూడు నలభైకి."

"అబద్ధం. రేడియోలో నా పాటల కార్యక్రమం మూడు నలభైకి అయిపోతుంది. ఇట్సెల్ ఆఖరి పాటకి ముందే వచ్చి నా కాఫీ తాగేస్తోంది. ఏడాదంతా ఆఖరి పాట నేను కాఫీ లేకుండా వింటున్నాను!"

డోన్యా టెంచా నవ్వబోయి ఆగిపోయింది. మెల్లగా గంటల పెట్టె దగ్గరికి వెళ్ళి తలుపు తీసింది. చివరి గీత మీద మూడు ముప్పై ఆరు.

"ఏమైందే? మొహం అలా పాలిపోయిందేం?" అంది కూకా, ఒక్కసారిగా కోపం మరిచి.

"కూర్చో కూకా," అంది ఆవిడ. తనే కూర్చుంది.

కూకా వెళ్ళాక లెక్క వేసింది. నూట నలభై ఏడు రోజులు, రోజుకి నాలుగు చొప్పున ఐదువందల ఎనభై ఎనిమిది నిమిషాలు. ఏడాది మొదట్లో చేర్చిన మిగులు నిమిషాలు చాలావరకు తుపాను సెలవులు మింగేశాయి. మిగిలింది తొంభై. పోగా తక్కువపడింది నాలుగువందల తొంభై ఎనిమిది. మూడుసార్లు కూడింది, మూడుసార్లూ అదే. మీద పడ్డ పిడుగుని మళ్ళీమళ్ళీ తూకం వేసినట్టుంది.

ప్రిన్సిపల్ డేల్ విట్‌కోంబ్ డాలస్ నుంచి వచ్చినవాడు, ముప్పై నాలుగేళ్ళవాడు. ఊరివాడిలా కనబడాలని కౌబాయ్ బూట్లు కొనుక్కున్నాడు. అవి ఆయన కాళ్ళని కొరుకుతుండేవి. విషయం విని తలుపు గడియపెట్టాడు.

"ఎవరికైనా చెప్పారా మిసెస్ బాల్దెరాస్?"

"కూకాకి తెలిసింది. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది."

"చూడండి, బస్సు కోసం పిల్లలు నిలబడే సమయం ఉంది కదా. అక్కడ ఒక పంతులమ్మ నిలబడి ఏదో పద్యం చదువుతోందనుకోండి. అది చదువే కదా?"

"చదువుతోందా?"

"చదివిందనుకుందాం."

"అనుకుందాం అనే గడి నా రిజిస్టర్లో లేదండీ."

"ఎవరు చూడొచ్చారు?"

"నేనే చూశాను కదా," అంది ఆవిడ. విట్‌కోంబ్ ఒక బూటు విప్పేసి కాలు పిసుక్కున్నాడు. చివరికి, "ఎలా పూడుద్దాం చెప్పండి," అన్నాడు.

అదీ ఆవిడ అప్పటికే లెక్కవేసింది. గంటని దాని చోటికి జరిపి, మిగిలిన ఇరవై నాలుగు రోజులూ రోజుకి ఇరవై ఒక్క నిమిషాలు బడి పొడిగిస్తే సరి. పైగా ఆరు నిమిషాలు మిగులు.

తల్లిదండ్రుల్ని పిలిచి సభ పెట్టారు. భోజనశాల నిండిపోయింది. విట్‌కోంబ్ తను మాట్లాడతానన్నాడు గానీ ఆవిడ ఒప్పుకోలేదు. చర్చికి వేసుకునే నల్లగౌను తొడుక్కుని లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. చేవో పేరు ఎత్తలేదు. చేవోనే వెనకనుంచి లేచి, "అడిగింది నేనండీ!" అని అరిచాడు. "అడిగింది నువ్వు, జరిపింది నేను. కూర్చో," అంది.

ఆ తర్వాత మంగలి లాలో లేచాడు.

"రెండువేల మూడు, ఫిబ్రవరి. నాకు లేటు వేశారు మిస్. ఆ రోజు మా కుక్క ఈనింది. చెప్తానంటే వినలేదు."

"నాకు తొమ్మిది లేట్లయ్యాక పదోది జ్వరంతో వస్తే వేశారు!" అంది ఆర్గన్ ఆవిడ.

ఇక కట్ట తెగింది. ఇరవై ఆరేళ్ళ లేట్లన్నీ లేచొచ్చాయి. చక్రం ఊడిన సైకిలు, వాగులో కొట్టుకుపోయిన చెప్పు, నాన్న ప్యాంటు తొడుక్కొచ్చిన తమ్ముడు. డిప్యూటీ అయితే నడుముకి తుపాకీ పెట్టుకుని మరీ, తనకి నాలుగో తరగతిలో లేటు పడ్డ రోజు తోవలో పంది తరిమిందని దాదాపు కన్నీళ్ళతో చెప్పాడు. డోన్యా టెంచా నిలబడే ఉంది. అన్నీ వింది. ఏడు గంటలకి మొదలైన సభ ఎనిమిదిన్నరకి గానీ అసలు సంగతికి రాలేదు.

అప్పుడు కూకా లేచింది. "పది లేట్లకి ఒక శనివారం. రోజుకొకటి చొప్పున దీనివి నూట నలభై ఏడు. ఎన్ని?"

"పధ్నాలుగు," అంది డోన్యా టెంచా, ఎవరూ లెక్కకట్టే లోపలే. "ఏడు మిగులు."

"వచ్చి కూర్చుంటావా?"

"కూర్చుంటాను."

జనం హోరెత్తిపోయారు. ఆ ఆనందంలో బడిని రోజూ ఇరవై ఒక్క నిమిషాలు పొడిగించడానికి ఒక్క చెయ్యి కూడా అడ్డు లేవలేదు.

శనివారం ఎనిమిదికి పది నిమిషాల ముందే ఆవిడ వచ్చి మొదటి బల్ల మీద కూర్చుంది. పక్కన ఇట్సెల్. కాపలా పంతులు ఫిదెల్ ఒకప్పుడు ఆవిడ చేత పదిహేడు లేట్లు వేయించుకున్నవాడు. ఆవిడ సంచిలోంచి ఊలు తీసింది.

"మిస్, ఇక్కడ అల్లికలు కుదరవండీ," అన్నాడు ఫిదెల్, మొహం పక్కకి తిప్పుకుని.

"అవును. నేను పెట్టిన నియమమే," అని లోపల పెట్టేసింది.

మూడు గంటలు ఊరకే కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది. గంట గడిచాక ఇట్సెల్ చెవిలో, "రోజూ ఆ ఒక్క నిమిషం ఎక్కడ పోతోందే?" అని అడిగింది.

"మామ్మ పొద్దున రొట్టెలు కాలుస్తూ మోకాళ్ళు పట్టేసి లేవలేదు మిస్. లేపి కుర్చీలో కూర్చోబెట్టి వస్తాను. చెప్పొద్దంది. మీకు తెలిస్తే నవ్వుతారంట."

శిక్ష ముగిశాక డోన్యా టెంచా నేరుగా రొట్టెల కొట్టుకెళ్ళి కూకాని నానా తిట్లూ తిట్టింది. "మోకాళ్ళు నొప్పని నాతో చెప్పలేని దానివి, యాభై ఏళ్ళుగా నాతో పొట్లాట ఎందుకే?" సోమవారం నుంచి ఏడున్నరకి ఆవిడే వెళ్ళి కూకాని లేపేది. కూకా తిడుతూ లేచేది. ఇట్సెల్ ఏడు యాభైకే బడిలో ఉండేది.

బడి మూసేలోపు ఐదు శనివారాలే అయ్యాయి. చాలని బోర్డు అంది. ఆవిడ ఒప్పుకోలేదు. ఆగస్టులో మిగిలిన తొమ్మిదీ మొదలుపెట్టింది. అప్పుడింకా పిల్లలెవరికీ పది లేట్లు కాలేదు. గదిలో ఆవిడా ఫిదెలూ ఇద్దరే. "మిస్, మీరు పాపం కడుక్కోవడం బాగానే ఉంది గానీ, నా చేపలవేట పోతోందండీ," అని ఫిదెల్ మొత్తుకున్నాడు. మూడో వారం నుంచి ఇద్దరూ పేకాడుకున్నారు. అది నియమాల్లో లేదు గానీ, కూడదనీ లేదు.

జూన్‌లోనే ఆస్టిన్ నుంచి తనిఖీ అధికారిణి రెనాటా కూబిచెక్ వచ్చింది. ఇరవై నాలుగు రోజుల కాగితాలూ, డోన్యా టెంచా తన తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరమూ చదివి కళ్ళద్దాలు తీసింది.

"మీరు రాయకపోతే ఇది మాకు తెలిసే దారే లేదు."

"తెలుసండీ. రైలు సంగతి రెండో పేజీలో ఉంది, అది కూడా చదవండి."

అధికారిణి చదివింది, సంతకం పెట్టింది, వెళ్ళిపోయింది. బడి బతికింది.

డోన్యా టెంచా మారిందని అనలేం. ఆ తర్వాత కూడా ఎనిమిదీ ఒకటికి వస్తే లేటే, పదీ ఒకటికి వస్తే రానట్టే. కాకపోతే లేటు వేశాక కలం పక్కన పెట్టకుండా, "ఊఁ, ఏమైంది చెప్పు," అనేది. చెప్పింది చెప్పినట్టు చివరి గడిలో రాసేది. గడి చాలకపోతే కాగితం అతికించేది.

మరుసటి ఏడు కూబిచెక్ మళ్ళీ వచ్చినప్పుడు రిజిస్టర్ రెండింతలు లావుగా ఉంది. "ఇది మేం అడగలేదే," అంటూ తిప్పడం మొదలుపెట్టింది. "మేక హోంవర్క్ కాదు, బూటు తినేసింది." "అమ్మ ఏడుస్తోంది, ఆపేదాకా ఉన్నాను." "తాతయ్య పళ్ళు కనబడలేదు, అందరం వెతికాం, నోట్లోనే ఉన్నాయి." విట్‌కోంబ్ రెండుసార్లు వచ్చి భోజనానికి పిలిచాడు. అధికారిణి తల ఎత్తకుండానే చెయ్యి ఊపి, ఇంకో పేజీ తిప్పింది.