నీళ్ళలో కరగని పొడి

నిన్న కడపలో మందుల షాపు ముందు నిలబడి దగ్గుమందు అట్టపెట్టె మీది చిన్న అక్షరాలు చదువుతుంటే సోడియం బెంజోయేట్ అన్న పేరు కనబడింది. మందు పాడవకుండా వేసి ఉంటారు గాని, నాకు మాత్రం ఇదే ఊళ్ళో ఫార్మసీ పరిశోధన చేసిన రోజులు కళ్ళముందు మెదిలాయి.

మా గురువుగారు నాకొక నొప్పుల మందు పొడి అప్పగించారు. ఎంత కలిపినా నీళ్ళమీద పిండిలా తేలేదే తప్ప కరిగేది కాదు. ఆల్కహాలులో కరుగుతుంది, కాని పసిపిల్లలకు తాగించే మందులో అది వద్దని ఆయన పట్టుదల. అందుకని, నీళ్ళలో తాము కరిగి, కరగనివాటిని కూడా కరిగించే హైడ్రోట్రోపులనే పదార్థాలను ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ, బెంజోయేటు దాటి యూరియా దగ్గరికి వచ్చాను. సెలవుల్లో మా ఊరు వేంపల్లె వెళ్ళి ఈ సంగతి చెబితే, "యూరియా గురించి సదువుకునేదానికి కడపకు పోవల్లనా? మన కొట్టంలో మూటలుండాయి గదా!" అని అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. వానల్లేక శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు అది. ఇంకా ఎన్నాళ్ళీ చదువు అని ఆయన అడగకపోయినా నాకు వినపడేది.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం, చదువు మాన్పించి నన్ను ఇంటికి పిలుచుకుపోవడానికి ఆయన బస్సు దిగి తిన్నగా ల్యాబుకే వచ్చారు. నా పని ఒక్కసారి చూడమని బతిమాలుకున్నాను. పొడి తేలుతున్న నీళ్ళలో కొంచెం కొంచెం యూరియా వేసి కలుపుతుంటే చాలాసేపు ఏ మార్పూ లేదు. నాతో పనిచేసే బనగానపల్లె స్నేహితురాలు ఇంకా వెయ్యమని సైగ చేసింది. అంతవరకు ఎప్పుడూ వెయ్యనంత వేశాను. ఉన్నట్టుండి తెల్లదనం పలచబడి, గ్లాసు తేటపడింది.

"యాడికి పోయింది పాపా?" అన్నారు నాన్న.

"ఈడనే ఉండాది నాయనా, నీళ్ళల్లోనే."

ఆయన గ్లాసును కిటికీ వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. "శానా బాగుండాది. నీ పని కానీ పాపా, నేను పోయొస్తా" అని ఒక్కరే బస్టాండుకు నడిచారు.

ఆ సంతోషంలో గ్లాసులో ఇంకాసిని నీళ్ళు పోశానో లేదో, పొడంతా తెల్లగా తిరిగొచ్చింది! నాన్న బస్సెక్కేసి ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. గురువుగారు మాత్రం, పలచన చేస్తే విడిపోవడం దాని గుణమేనని, ఎంతవరకు పలచన చెయ్యవచ్చో అదే తేల్చమని అన్నారు. చివరకు నా పరిశోధనంతా దానిమీదే సాగింది, పట్టా వచ్చింది.

ఇప్పుడు ఏది దేనిలో కరుగుతుందో కంప్యూటర్లు ముందే లెక్కగట్టి చెబుతున్నాయట. పరిశోధన చేసే పిల్లలకు శ్రమ తగ్గింది, మంచిదే. నాన్న లేరు, స్నేహితురాలు ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఏమవుతుందో ఎవరికీ తెలియక, ముగ్గురం ఒకే వైపు చూస్తూ నిలబడిన అలాంటి మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు.