మట్టి తీసే మనిషి

కంచె వేసిన పచ్చిక బయల్లో గొట్టం దించి పరీక్షకు మట్టి తీయడం అతని పని. ఒళ్లంతా బరువేసి తిప్పి, మూరెడు లోతు మట్టిని పైకి లాగుతాడు. సంచిలో వేసే ముందు ప్రతిసారీ చిటికెడు తీసుకుని వాసన చూస్తాడు. ఒకప్పుడు ఇక్కడే పశువులు మేపినవాడు. ఎక్కడో ఫ్యాక్టరీలు వదిలే పొగకు పరిహారంగా ఇక్కడ గడ్డి పెంచి నేలలో కార్బన్ దాస్తామంటూ కంపెనీ వచ్చి, పశువులను వెళ్లగొట్టి, అతన్ని మాత్రం పనిలో పెట్టుకుంది. వానల్లేని ఆ ఏడు, డొక్కలు ఎండిన ఆవును తోలుకుని వదిన కంచె దగ్గరికి వచ్చింది.

"రెండు పూటలు మేయనియ్యి మరిదీ."

"గడ్డి తగ్గిందంటే నా పని ఊడుతుంది వదినా."

"పొగ వదిలినోడు బాగానే ఉన్నాడు, పస్తులు నా ఆవుకా?"

అతను గేటు తీయలేదు. నాలుగో రోజు ఆవు కంచెకు ఆనుకునే చచ్చిపోయింది. గేటు అప్పుడు తీశాడు. లోపల తనే గొయ్యి తవ్వి పూడ్చాడు.

మరుసటి ఏడు ఆ గొయ్యి మీద గడ్డి నడుమెత్తు పెరిగింది. అక్కడే గొట్టం దించమన్నాడు కంపెనీ ఆఫీసరు. నల్లటి మట్టి వచ్చింది.

"చూశావా, పశువుల్ని ఆపేస్తే నేల ఎంత బాగుపడిందో!" అంటూ భుజం తట్టాడు.

అతను ఆ మట్టిని వాసన చూడకుండానే సంచిలో వేసి మూతి కట్టాడు.