స్నోగమ్ చెట్టు కోసం జిండబైన్ దాకా

ఈ ప్రయాణానికి కారణం జానెడు లోతు కూడా లేని కుండీలో పెరుగుతున్న ఒక చెట్టు. అది నాది కాదు, అప్పన్న అంకుల్‌ది.

అప్పన్న అంకుల్ సిడ్నీ శివార్లలోని మా టూంగాబీలోనే, మాకు రెండు వీధుల అవతల, కొడుకింట్లో ఉంటారు. వయసు డెబ్భై. ఫిజీలో లబాసా దగ్గర చెరకు పండించేవారు. ఆయన తాత విశాఖ వైపు నుంచి కూలీగా ఓడెక్కి వెళ్ళాడట. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టాక కొడుకు ఆయన్ని సిడ్నీ తీసుకొచ్చాడు. ఇక్కడ చేతులకు పని లేక, లైబ్రరీలో దొరికిన జపాన్ బొమ్మల పుస్తకం చూసి బోన్సాయ్ నేర్చుకున్నారు. ఆస్పత్రిలో నర్సుగా డ్యూటీ లేని మధ్యాహ్నాలు నేను ఆయన దగ్గర కూర్చుని, కొమ్మకు తీగ చుట్టడం, వేళ్ళు కత్తిరించడం నేర్చుకున్నాను.

యూకలిప్టస్ చెట్లను ఇక్కడ గమ్‌లంటారు, మంచు కొండల మీద పెరిగేది స్నోగమ్. నర్సరీలో ఓ మూలన పడేసిన ముదురు స్నోగమ్ మొక్కను తెచ్చి, దాన్ని మూడేళ్ళు తీర్చిదిద్దారు. కొమ్మలన్నీ అరల్లాగా పరిచి, పైకి పోనుపోను సన్నబడేటట్టు, అచ్చం పుస్తకంలోని పైన్ చెట్టులా తయారుచేశారు. సెప్టెంబరులో మా బోన్సాయ్ క్లబ్బు ప్రదర్శనకు పెట్టాం. న్యాయనిర్ణేత చాలాసేపు చూసి, పనితనం చాలా బాగుందనీ, కానీ గమ్ చెట్టు ఇలా పెరగడం తానెక్కడా చూడలేదనీ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ తరువాత ఒక పక్క పెద్ద కొమ్మ ఎండిపోయింది. అంకుల్ తీగలూ కత్తెరలూ అట్టపెట్టెలో సర్దేసి, చెట్టును పారేయమని కొడుక్కి చెప్పారు. వాకిట్లోకి రావడం కూడా మానేశారు.

నేను దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. మా అమ్మాయి చూసి, "అమ్మా, ఇట్స్ డెడ్. బిన్‌లో పడెయ్" అంది. సగమే చచ్చిపోయిందని చెప్పాను. స్నోగమ్‌లు ఎలా పెరుగుతాయో నాకూ తెలియదు. పదకొండేళ్ళయింది ఈ దేశం వచ్చి, మంచు కొండల వైపు ఒక్కసారీ వెళ్ళలేదు. వెళ్ళి చూసొద్దామని అంకుల్‌ని అడిగాను.

"సెట్టుని సూడ్డానికి రైలెక్కి ఎల్తారేటమ్మా?" అన్నారు.

కోడలు కూడా వెళ్ళమని పోరితే ఒప్పుకున్నారు. వచ్చిన నాలుగేళ్ళలో ఆయన పక్కనున్న పారమట్టా, క్లబ్బూ తప్ప ఏ ఊరూ చూడలేదు.

జనవరిలో, అంటే ఇక్కడి ఎండాకాలంలో, ఒక శుక్రవారం, తెలవారుతుండగా టూంగాబీలో లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో కాన్‌బెర్రా రైలు అందుకున్నాం. అంకుల్‌కి పెన్షనర్ల రాయితీ టికెట్టు దొరికింది. పులిహోరా, నిమ్మకాయ పచ్చడీ డబ్బాలో పెట్టుకున్నాం. దారి పొడవునా ఆయన కిటికీ వైపు చూడలేదు, కళ్ళు మూసుకునే కూర్చున్నారు. మధ్యాహ్నానికి కాన్‌బెర్రా చేరి, స్టేషన్‌లోనే భోంచేసి, కూమా మీదుగా జిండబైన్ వెళ్ళే బస్సెక్కాం. వెళ్ళదలచినవాళ్ళు ఈ బస్సుకు సీటు ముందే చెప్పి ఉంచుకోవాలి. మంచు సీజన్ కాదు కదా అని వదిలేస్తే మాలాగా వెనక చక్రాల మీద కూర్చోవలసి వస్తుంది.

కూమాలో ఒక పెద్దావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. గొర్రెల పెంపకమట. చేపలు పట్టడానికా అని అడిగింది. స్నోగమ్‌లు చూడ్డానికని చెబితే నవ్వలేదు. వాన పడుతున్నప్పుడు చూడమంది, తడిస్తేగాని ఆ బెరడు రంగులు బయటికి రావట. బెరిడేల్‌లో దిగేటప్పుడు అంకుల్ చేతి మీద తట్టి, వెచ్చటి బట్టలు తెచ్చుకున్నారా అని అడిగింది. ఆయన తెచ్చుకోలేదు. సాయంత్రం ఐదున్నరకు జిండబైన్‌లో దిగి, మోటెల్‌లో సామాను పడేసి, మొదట చేసిన పని ఆయనకొక ఉన్ని స్వెట్టర్ కొనడం.

శనివారం ఎనిమిదిన్నర బస్సుకు థ్రెడ్బో వెళ్ళాం. అక్కడ కొండ పైదాకా తీగ మీద వేలాడే కుర్చీలు వెళతాయి, ఎండాకాలంలో కూడా నడుస్తాయి. పైకి చేరాక చూస్తే చెట్లే లేవు, రాళ్ళూ గడ్డీ. చెట్లన్నీ మా కాళ్ళ కిందుగా దాటిపోయాయి. కుర్చీలోంచి వాటి నెత్తులు మాత్రమే చూశాం. దిగేటప్పుడు చూద్దాంలే అనుకుని టీ తాగాం. ఇంతలో మబ్బు దిగి గాలి లేచింది. కుర్చీలు ఆపేశారు.

ముప్పావుగంట ఆగాం. మళ్ళీ ఎప్పుడు నడుస్తాయో చెప్పలేననీ, నడవగలిగితే కాలిబాట ఉందనీ, నెమ్మదిగా వెళితే రెండు మూడు గంటలనీ అక్కడి పనివాడు చెప్పాడు. నాకు భయం వేసింది. అంకుల్ మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. ఇంత దూరం లాక్కొచ్చింది నేనే. ఇక్కడే కూర్చుందామన్నాను. ఆయన అప్పటికే లేచి నిలబడ్డారు.

"సెరకు తోటలో దీనికన్నా బురదలో నడిసినానమ్మా" అన్నారు.

మొదటి అరగంట గడ్డి. తరువాత చెట్లలోకి దిగాం. బాట నిటారుగా, తడిగా ఉంది. ఆయన పడకుండా ఒక్కో చెట్టునూ పట్టుకుంటూ దిగసాగారు. నాలుగైదు చెట్ల తరువాత ఆయన నడక నెమ్మదించింది. ఆయాసమేమో అనుకుని నాడి చూడబోయాను. చెయ్యి విడిపించుకుని, ఒక మాను మొదలును కింద నుంచి పైకి నిమిరారు. ఆ మొదలు పల్లం వైపుకు వంగి, మూరెడు పోయాక తిరిగి లేచింది. పక్కదీ అంతే, దాని పక్కదీ అంతే. ఏటేటా జారే మంచు నెట్టి అలా వంచుతుందని మాకు మెల్లిగా అర్థమైంది. కొమ్మలు అరలుగా లేవు. ఎటు సందు దొరికితే అటు మెలి తిరిగి పోయి, చివర మాత్రమే గుప్పెడేసి ఆకులు పట్టుకున్నాయి. మధ్యలో అంతా ఖాళీ, అందులోంచి గాలి పోతోంది. తడిసిన బెరడు మీద లేత ఆకుపచ్చ, తుప్పురంగు, గులాబీ చారలు తేలాయి.

ఇంకా కిందికి పాత కార్చిచ్చుకు కాలిన చెట్లు కనిపించాయి. నడిమి మాను ఎండి, బూడిద రంగుకు తిరిగి నిలబడి ఉంది. దాని మొదట్లోంచి ఐదారు కొత్త మానులు చుట్టూ లేచాయి. అంకుల్ ఒక రాతి మీద కూర్చుండిపోయారు. వాన జల్లులోనే, లబాసాలో వదిలి వచ్చిన ఇంటి సంగతి చెప్పారు. నాలుగేళ్ళలో ఎన్నడూ చెప్పలేదు. సైన్యం దిగాక ఒక ఉదయం, ఇండియన్లదని ఇంటి మీద రాళ్ళు పడ్డాయట. వారం తిరక్కుండా బయల్దేరారు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ తిరిగి వెళతామనే అనుకుంటూ, తెచ్చిన ట్రంకు పెట్టె విప్పనే లేదట. నేను కాలిన మాను వైపు చూస్తూ ఏదో చెప్పబోయాను.

"నాతో పోల్సకమ్మా. సెట్టు సెట్టే" అన్నారు. ఆ మాను మొదట్లోని ఒక చిగురును వేలితో తాకి, "కుండీలో సెట్టుకి కూడా మొదట్లో సిగుళ్ళు వస్తూనే ఉన్నాయి. పుస్తకంలో లేవనీసి రోజూ గిల్లీసినాను. అదేటవుదావనుకుందో నాను సూణ్ణేదు" అన్నారు.

మూడు గంటలు పట్టింది కిందికి రావడానికి. ఆయన మోకాళ్ళు వాచిపోయాయి. రాత్రి మోటెల్‌లో భోజనానికి ముందు వేడినీళ్ళ కాపడం పెట్టాను. ఆయన ఒక్కసారీ మూలగలేదు, చెట్టుకు ఏం చెయ్యాలో చెబుతూనే ఉన్నారు. తీగలన్నీ విప్పాలి. ఎండిన కొమ్మను కొయ్యకూడదు. కింద వచ్చే చిగుళ్ళలో మూడు ఉంచి పెరగనివ్వాలి. కుండీలో పల్లం వైపుకు వాల్చి మళ్ళీ నాటాలి. ఎన్నేళ్ళు పడుతుందని అడిగాను. పదేళ్ళన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి ఆ మాట మామూలుగా అన్నారు.

ఆదివారం పొద్దున్నే బస్సులో కాన్‌బెర్రా, అక్కణ్ణుంచి రైలు. ఈసారి కిటికీ సీటు ఆయన అడిగి తీసుకున్నారు. గోల్బర్న్ దాటాక, బయట కనిపిస్తున్న చెట్టు పేరేమిటని అడిగారు. నాకు తెలియదు. దాని పక్కదీ తెలియదు. గమ్ అన్నాను. అన్నీ గమ్‌లేనా అన్నారు. పదకొండేళ్ళుగా వీటి మధ్యనే పనికి వెళ్ళి వస్తున్నదాన్ని, నాకు సిగ్గేసింది. ఎదురు సీట్లో ఒక రిటైరైన రైల్వే మనిషి పేపరు మడిచి, వేలు చూపిస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. యెల్లో బాక్స్, స్ట్రింగీబార్క్, పెప్పర్‌మింట్. అంకుల్ ఒక్కో పేరూ తన నోటికి తిరిగేటట్టు మార్చుకుని అనుకుంటున్నారు.

ఒక వాగు దాటుతుండగా ఆ మనిషి, గట్టున ఉన్నవి షీ-ఓక్‌లని చెప్పాడు. సన్నటి సూదుల్లాంటి ఆకులు గాలికి జుట్టులా ఊగుతున్నాయి. నేను చప్పున లేచి కూర్చున్నాను. మా కోనసీమ తీరాన ఇసుకలో నిండా పెరిగే చెట్లు ఇలాగే ఉంటాయి. అంకుల్ నాకంటే ముందే అన్నారు.

"సరుగుడు గదమ్మా ఇది. మా తాత అలాగే అనీవోడు. లబాసాలో మా ఇంటెనకాల కూడా ఉండీది."

ఇది ఈ దేశపు చెట్టేనా అని అడగమన్నారు. అడిగాను. ఎప్పటినుంచో ఇక్కడిదే అన్నాడు ఆ మనిషి. అంకుల్ వాగు కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూశారు. తరువాత నా నోటుబుక్కు తీసుకుని, దాని కొమ్మలు ఎక్కడ లేచి ఎక్కడ వాలుతున్నాయో గీయసాగారు. మేం సెంట్రల్‌లో దిగేసరికి ఇంకా పూర్తికాలేదు.