బూడిద మీది మూత

పాల్వంచ బస్టాండు వెనక వెల్డింగు షెడ్డులో యాకయ్య కాలు ఒకచోట నిలవదు. టీ సగం తాగి వదిలేస్తాడు. సెల్‌ఫోను తెరిచి టైము చూస్తాడు, మూస్తాడు, మళ్ళీ తెరుస్తాడు. పళ్ళు విరిగిన గేరు చేతికొస్తే మాత్రం వేరే మనిషి. విరిగిన చోట వెల్డింగు రాడ్డుతో లోహాన్ని పొర మీద పొర పోసి, కొత్త పన్ను మొలిచేదాకా తల ఎత్తడు. అసలు కష్టం ఆ తర్వాతే. వేడి గేరును ఊకబూడిదలో పూడ్చి, దానంతట అది చల్లారేదాకా ఆగాలి. ఆగడమే ఆయనకు చేతకాదు. పోయిన ఎండాకాలం చెరుకురసం బండి నడిపే చాంది మిషను గేరును తొందరపడి బయటికి తీస్తే, గాలి తగిలి కొత్త పన్ను టిక్కుమని పగిలింది.

ఈసారి మళ్ళీ అదే గేరు విరిగింది, రేపు పొద్దున్నే భద్రాచలం తిరనాళ్ళలో చాంది బండి పెట్టాలి. అందుకే యాకయ్య గేరును పూడ్చిన బూడిద డ్రమ్ము మీద చెక్కమూత వేసి, దాని మీదే కూర్చుంది.

"లే అక్కా, జరంత చూసి మూస్త."

"ఏంది చూసేది? నీ సంగతి నాకెరికే," అంది చాంది, కదలకుండా.

యాకయ్య సందు చివరిదాకా పోయి వచ్చాడు. ఊడ్చిన షెడ్డునే మళ్ళీ ఊడ్చాడు. పొద్దు వాలుతుండగా చాంది మంచినీళ్ళకని పక్క హోటలుకు పోయింది. గ్లాసు ఎత్తబోతుంటే డ్రమ్ము గుర్తొచ్చింది. తాగకుండానే ఉరికొచ్చింది. చూస్తే, మూత మీద యాకయ్యే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తొడల కింద నొక్కిపెట్టుకున్నాడు. మోకాళ్ళు మాత్రం ఊగుతూనే ఉన్నాయి.

"జల్దీ వచ్చి కూసో అక్కా," అన్నాడు. "నాతోని అయితలేదు."