గుమ్మడికాయ కట్టిన మిలిటరీ లారీ

మొదటే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక మిలిటరీ లారీ, నాలుగు జతల ఎద్దులు, ఒక బూడిద గుమ్మడికాయ, నేను ఉన్నాం. అందరిలోకీ తెలివితక్కువ వాణ్ణి నేనే. గుమ్మడికాయకు బుర్రెక్కడిదని మీరు దాన్ని నా కింద చేర్చబోతారేమో, తొందరపడకండి. అది కనీసం కట్టిన చోట నోరు మూసుకుని వేలాడింది. నేను ఆ పని కూడా చేయలేకపోయాను.

యుద్ధం ముగిసి నేను పట్టాళం నుంచి కోడుమూరుకు తిరిగొచ్చిన కొత్తలో జరిగిన ముచ్చట ఇది. మాది నేతగాళ్ల వీధి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం ఇష్టంలేక పంతొమ్మిదో ఏట ఇంట్లో చెప్పకుండా పట్టాళంలో చేరాను. అక్కడ నా ఉద్యోగం మిలిటరీ లారీల మీద అంకెలు రాయడం. తీరికున్నప్పుడు వాటిని కడగడం. డ్రైవర్లను బతిమాలి కాస్త నడపడం కూడా నేర్చుకున్నాననుకోండి. ఇంటికి రాసిన జాబుల్లో మాత్రం, "ఇక్కడి మోటార్లన్నీ నా చేతి మీదుగానే పోతాయి" అని రాశాను. అబద్ధమేమీ కాదు, కుంచె నా చేతిలోనే ఉండేది. మా అమ్మ ఆ జాబులను వీధంతా చదివించుకుంది. నేను ఊళ్లో దిగేసరికి నాకు తెలియకుండానే మిలిటరీ ఇంజనీరునైపోయాను.

మా వీధి చీరలన్నీ కొని కర్నూలులో అమ్మేది ఖాసీం సాబు. మాట తప్పని మనిషి. ఎన్నో ఏళ్లుగా ఆయన మూటలను మద్దిలేటి ఎద్దులబండి మీద పంపేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు పాత బండ్లను వేలం వేస్తుంటే ఖాసీం సాబు కూడా ఒక డీజిలు లారీని పాడుకున్నాడు. "మన చౌడప్ప ఉండాడు గదా, నడిపిస్తాడు" అని నన్ను చూసుకునే పాడాడట. అప్పటిదాకా నేను కడిగినవన్నీ పెట్రోలు లారీలే. డీజిలు బండిని చూడటం అదే మొదలు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

లారీని తెచ్చి అప్పగించిన డ్రైవరు పాపం మంచివాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదో, ఈ పిడి జూడు..." అని మొదలుపెట్టాడు.

"చూసినాలేప్పా. మిలిటరీలో ఇట్లాంటివి వందలు చూసినాము."

"అది గాదప్పా, ఈ బండికి..."

"నాకు నేర్పిస్తాండావా?"

అతను నన్ను ఎగాదిగా చూసి, తువ్వాలు దులుపుకుని, తన దారిన తాను పోయాడు. వస్తున్న చదువును గడప దగ్గరే ఆపి తిప్పి పంపడమంటే అదే.

మూడో రోజు పొద్దున లారీకి మొదటి ప్రయాణం. మూడు నెలలు మా వీధి మగ్గాలన్నీ నేసిన చీరలు లారీ నిండా మూటలై కూర్చున్నాయి. వాటిని కొనే పెద్ద వ్యాపారి కర్నూలులో దిగి ఉన్నాడు. ఆ సాయంత్రం రైలుకు వెళ్లిపోతాడు. దీపాలు పెట్టేలోపు సరుకు కళ్లబడకపోతే ఇంకో ఊరి నేత కొనుక్కుంటానని కబురు పంపాడు. ఎద్దులబండి మీద పంపితే మర్నాటికి గాని చేరదు. మా వీధి గంజి కాగడం ఇప్పుడు ఈ లారీ మీద, లారీ నా మీద ఆధారపడి ఉన్నాయి. పాపం, ఆ రెండో సగం ఎంత డొల్లో వీధి వాళ్లకు తెలియదు.

మా వీధిలో కొత్త మగ్గానికి బూడిద గుమ్మడికాయ కట్టందే పోగు నేసే నాడెను ఆడనివ్వరు. మా అమ్మ ఒక పెద్ద కాయకు పసుపు పూసి, బొట్టు పెట్టి, ఉట్టిలో పెట్టి పట్టుకొచ్చింది. "నాయనా, ఊరి కండ్లన్నీ నీ మీదనే ఉండాయి. దీన్ని నీకు ఎదురుగ్గా కట్టుకో" అంది.

ఎక్కడ కట్టాలా అని వెతికాను. స్టీరింగు పక్కన ఒక ఇనప పిడి కొక్కెంలా ముందుకు పొడుచుకొచ్చి ఉంది. గుమ్మడికాయ కోసమే పుట్టినట్టుంది. ఉట్టి దానికి తగిలించాను. పిడి బరువుకు కిందికి వంగింది. "చూడమ్మా, బండి తలకాయ వంచి దండం పెడతాంది" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కొబ్బరికాయ కొట్టారు. నేను మీసం లేకపోయినా ఆ చోట దువ్వుకుని, స్టార్టరు నొక్కాను.

ఇంజను గుర్రుగుర్రుమని తిరిగింది. అంటుకోలేదు. మళ్లీ నొక్కాను. ముసలాయన గొంతు సవరించుకున్నట్టు తిరిగి ఊరుకుంది.

"ఏమప్పా చౌడప్పా, ఏమంటాంది?" అన్నాడు ఖాసీం సాబు.

"కొత్త ఊరు గదా సాబూ, కొంచెం సిగ్గుపడతాంది."

సిగ్గు పోగొట్టడానికి దిగాను. టాంకీ మూత తీసి చూశాను, డీజిలు నిండుగా ఉంది. నీళ్లు చూశాను, ఉన్నాయి. బ్యాటరీ తీగల కొసలను చింతపండు పెట్టి తోమించాను, తళతళలాడాయి గాని లాభం లేదు. చక్రాలను కూడా తట్టి చూశాను, ఎందుకో మీరడగకండి, నేను చెప్పను. ఎండ ఎక్కుతోంది. చుట్టూ చేరిన జనంలో తలకొక వైద్యుడు తయారయ్యాడు. "పొగే రాలేదు గదప్పా, పొయ్యిలో కట్టె లేనట్టుండాది" అని మా అమ్మ ఒక్కతే సరైన మాట అంది. ఆ మాట విని ఉంటే ఈ కథే ఉండేది కాదు. "ఇది పొయ్యి గాదమ్మా, ఇంజను" అని నోరు మూయించాను.

అప్పుడు మిలిటరీలో విన్నదొకటి గుర్తొచ్చింది. బండి కదలకపోతే ముందు ప్లగ్గులు చూడాలి. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించేవి అవే. బానెట్టు ఎత్తి తల లోపలికి దూర్చాను. పై నుంచి చూశాను, పక్క నుంచి చూశాను, కింద పడుకుని చూశాను. సన్నని ఇనప గొట్టాలున్నాయి గాని, ప్లగ్గు అన్నది ఒక్కటి కూడా లేదు.

నల్లబడిన మొహంతో బయటికొచ్చి, ఊరు దద్దరిల్లేలా అరిచాను: "సాబూ! ప్లగ్గులన్నీ ఎవరో ఊడబెరుక్కొని పోయినారు!"

జనంలో కలకలం రేగింది. ఎవరో అన్నారు, "ఈ బండి తిరిగితే నష్టం ఎవరికప్పా?" అన్ని కళ్లూ మద్దిలేటి వైపు తిరిగాయి. అతను తన ఎద్దుల పక్కన నిలబడి ఆకూవక్కా నములుతున్నాడు. నేనైనా ఆగానా? ఆగితే నేనెందుకవుతాను?

"మద్దిలేటన్నా, మర్యాదగా ప్లగ్గులు ఈ."

"ప్లగ్గంటే ఎట్లుంటాదప్పా? తినేదా, తొడుక్కునేదా?"

"తెలీనట్టు మాట్లాడొద్దు."

మద్దిలేటి నమలడం ఆపాడు. "నేను దొంగనంటాండావా, చౌడప్పా? నీ ముడ్డికి గోచీ లేనప్పటి నుంచి ఈ వీధి చీరలు మోసినా. ఒక్క పోగు పోయిందా?" అని చరచర నడిచి, బావి దగ్గర రెండు బిందెలు నెత్తిన పోసుకుని, చౌడమ్మ గుడి ముందు తడిగుడ్డలతో నిలబడి ప్రమాణం చేశాడు. అరవై ఏళ్ల మనిషి నీళ్లు కారుతూ నిలబడితే వీధంతా తలలు దించుకుంది. నేను మాత్రం ఇంజనీరును కదా, తల దించలేదు.

అప్పటికి మిట్టమధ్యాహ్నం. బ్యాటరీ పిల్లి మూలుగులోకి దిగింది. ఖాసీం సాబు తలపట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "వాలు దిగి పెద్దరోడ్డుకు చేరిస్తే, కర్నూలు పోయే లారీ ఏదన్నా దొరుకుతుందేమో. మూటలు దాంట్లోకి మార్చుకుంటాము. లాగేదెవరు యా అల్లా?"

"నేను లాగుతా" అన్నాడు మద్దిలేటి, తడిపంచె పిండుకుంటూ. "దొంగతనం సంగతి మళ్ల తేల్చుకుందాము. ఆ మూటల్లో మా అక్క నేసిన చీరలు గూడా ఉండాయి."

తన ఎద్దులూ, తెలిసినవాళ్ల ఎద్దులూ కలిపి నాలుగు జతలు తెచ్చి, లారీకి మోకు కట్టాడు. అంతా అయ్యాక నా దగ్గరకొచ్చి చెయ్యి చాపాడు. "ఆ గుమ్మడికాయ ఇట్ల ఈ."

"ఎందుకు?"

"కదలని బండికి దిష్టి యాడిదప్పా? లాగేది నా ఎద్దులు. దిష్టి వాటికి తియ్యల్ల."

ఉట్టి విప్పుకుని పోయాడు. పిడి టక్కుమని పైకి లేచింది. నేను పట్టించుకోలేదు. అతను కాయను ఎద్దుల చుట్టూ తిప్పి నేలకేసి కొట్టాడు. నేను వాలులో లారీ జారి ఎద్దుల మీద పడకుండా గేరులో పెట్టి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఎద్దులు లాగాయి. లారీ కదిలింది. వాలు మొదలైంది. చక్రాలు తిరిగాయి, వాటితో ఇంజనూ తిరిగింది...

ఢాం!

నల్లటి పొగ వీధిని కప్పేసింది. ఇంజను పులిలా గాండ్రించింది. ఎద్దులు బెదిరి తోకలెత్తాయి. మద్దిలేటి ఒక్క దూకున మోకు ముడి లాగేశాడు, లేకపోతే ఎద్దులు ముందు, లారీ వెనక కర్నూలుకు చేరేవాళ్లం. నేను క్లచ్చు మీద ఒక కాలు, బ్రేకు మీద ఒక కాలు వేసి నిలబడ్డాను. లారీ ఆగింది, ఇంజను మాత్రం దడదడమంటూనే ఉంది.

"గుమ్మడికాయ మహిమ!" అంది మా అమ్మ. ప్లగ్గులు లేకుండా ఇంజను ఎలా నడుస్తోందని ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

ఖాసీం సాబును పక్కన ఎక్కించుకుని కర్నూలుకు చేరేసరికి వ్యాపారి ఒక కాలు జట్కాలో పెట్టి ఉన్నాడు. మూటలు చూసి కాలు దించాడు. చీరలన్నీ తీసుకున్నాడు. ఖాసీం సాబు ఆనందంతో నా వీపు తట్టి, "ఇంక ఇంజను ఆపు బేటా, మాట ఇనపడ్డంలేదు" అన్నాడు.

ఆపాలి. ఎలా ఆపాలి? తాళం చెవి లేదు. మీట లేదు. "మిలిటరీ బండ్లు చల్లారేదాకా ఆపగూడదు సాబూ" అన్నాను.

"చల్లారాలంటే ఆపల్ల గదా?"

ఇంతలో పక్కన నిలబడిన ఒక ముసలి లారీ డ్రైవరు వచ్చాడు. "ఎందుకప్పా ఊరికే తిప్పుతాండావు, డీజిలు దండగ."

గొంతు తగ్గించి అడిగాను: "ఎట్లా ఆపల్ల తాతా?"

అతను చెయ్యి లోపలికి పెట్టి, నేను గుమ్మడికాయ కట్టిన పిడిని కిందికి వంచాడు. ఇంజను చచ్చిపోయింది. ఆ నిశ్శబ్దం నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

"ఇది వంచితే డీజిలు పోదు. ఇది వంగినంతసేపూ ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా బండి స్టార్టు కాదు. ఇంతమాత్రం తెలీదా?"

ఖాసీం సాబు నన్నే చూస్తున్నాడు. ఆఖరి ఆశతో అడిగాను, "మరి... దీని ప్లగ్గులు ఎవరో..."

"డీజిలు బండికి ప్లగ్గులేమిటికప్పా! ఉండనే ఉండవు!" తాత నవ్వు ఆపుకోలేక అక్కడే నేల మీద కూలబడ్డాడు.

ఖాసీం సాబు నవ్వలేదు. ఊరు దగ్గరపడ్డాక ఒక్క మాటే అన్నాడు: "పొద్దున ఒక పెద్దమనిషి తడిగుడ్డల్తో నిలబడినాడు, బేటా." లారీ ఇంకాస్త మెల్లగా పోతే బాగుండుననిపించింది. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్లీ కలగలేదు.

మర్నాడు వీధందరి ముందు మద్దిలేటి కాళ్లు పట్టుకుని అంతా చెప్పాను. వీధి మొత్తం పడీపడీ నవ్వింది. మద్దిలేటి నన్ను లేపి, "సరేలేప్పా. దొంగ పేరైతే మోసినా గదా, సరుకన్నా నాకు రావల్ల. నా ప్లగ్గులు నాకు తెచ్చియ్యి" అన్నాడు.

మరుసటి వారం కర్నూలు పాత ఇనుము అంగట్లో పెట్రోలు బండి ప్లగ్గులు ఆరు కొని తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాను. అతను వాటిని తన పెద్ద ఎద్దు మెడలో గంటల మధ్య గుచ్చి కట్టాడు. ఇక ఆ ఎద్దు వీధిలో నడిస్తే, గంట ఘల్లు, ప్లగ్గు టక్కు. ఘల్లు, టక్కు. పసిపిల్లల దాకా అందరూ ఎద్దును వదిలేసి నా వైపు చూసేవాళ్లు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తడిగుడ్డలతో కాదు, ఈ వయసులో జలుబు చేస్తుంది. ఇకమీదట ఏ పిడి ఏం చేస్తుందో తెలియకుండా దానికి పూచికపుల్ల కూడా తగిలించను. లేని వస్తువు పోయిందని ఉన్న మనిషిని అనను. ఇంతా చేసి, ఇవాళ్టికీ ఎవరైనా "గుమ్మడికాయ దొంగ ఎవరు?" అంటే చాలు, నా చేతులు వాటంతట అవే భుజాల మీదికి పోతాయి.